పది లెక్కపెట్టేలోపు

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి ఒక ఈల వచ్చింది. ఇత్తడి ఈల, ఎర్ర తాడు కట్టి ఉంది. అది వచ్చిన రోజు మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే నాకు ఆ పూటకి ఊపిరి ఆడేది. అందుకని నేనూ నవ్వాను.

దాన్ని తెచ్చింది మా అమ్మాయి, ఉడత. చిన్నప్పుడు ఏది చేతికిచ్చినా రెండు చేతులతో పట్టుకుని కొరికేదని ఆ పేరు పడింది. పన్నెండేళ్ళకే నా భుజం దాటినా పేరు మాత్రం పోలేదు. నోట్లో నాలుక లేని పిల్ల. దాహమేసినా అడగదు, నీళ్ళ బిందె వైపు చూస్తూ కూచుంటుంది. అలాంటిదాన్ని నాయకురాలిని చేస్తామని బడివాళ్ళు కాగితం పంపారు. ‘ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలలో నాయకత్వ లక్షణాలు పెంపొందించు వేసవి శిక్షణ, ముప్ఫై రోజులు.’ నా చదువు ఏడుతో ఆగింది. ‘పెంపొందించు’ దగ్గర తడబడి, మళ్ళీ మొదటినుంచి చదువుకుని సంతకం పెట్టాను.

మొదటి రోజు తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నారు. డ్రిల్లు మాస్టారు ఆ ఏడే కొత్తగా వచ్చాడు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుండేది. పిల్లల్ని ఎనిమిదేసి మంది చొప్పున గుంపులు చేసి, ఒక్కో గుంపులో అందరికంటే పొడుగ్గా ఉన్నవాళ్ళ మెడలో ఈల వేసి, చేతికి ఎర్ర రిబ్బను కట్టాడు. నియమం ఒకటే. నాయకుడు ఈల ఊదితే మిగతా ఏడుగురూ ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, పది లెక్కపెట్టేలోపు వచ్చి పొడుగు ప్రకారం వరుసలో నిలబడాలి. నాయకుడు పొమ్మనే దాకా కదలకూడదు.

"ఆలస్యమైనవాణ్ణి నేనేమీ అనను," అన్నాడు మాస్టారు. "తప్పు చేసినవాణ్ణి శిక్షించడం ఎవడైనా చేస్తాడు. నా దగ్గర తప్పు ఎవరిదైనా శిక్ష నాయకుడిదే. నాయకత్వం అంటే అదీ."

మేమందరం చప్పట్లు కొట్టాం. నా పక్కన బఠాణి వాళ్ళమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. మేమిద్దరం ఒకే చొక్కాల కార్ఖానాలో పని. ఆవిడ మిషను మీద కాలర్లు కుడుతుంది, నేను వాటిని తిరగేసి పుల్లతో మొనలు బయటికి తీస్తాను. మెల్లగా తీయాలి. ఎక్కువ నెడితే మొన చిరిగి పుల్ల బయటికొస్తుంది. ఆవిడ కూతురు పదకొండేళ్ళది, గింజంత పిల్ల, అందుకే బఠాణి. అది మా ఉడత గుంపులోనే పడింది.

"మీ పిల్ల చేతికింద మా పిల్ల, వదినా," అంది. "కాస్త చూసుకోమను."

"మా ఉడత చీమనైనా తొక్కదు," అన్నాను నేను.

మొదటి వారం ఆటలాగే ఉండేది. మాది ఒకే వరుసలో గదులున్న వీధి. గుంపులో పిల్లలందరూ ఆ వీధివాళ్ళే. పొద్దున బడిలో నేర్పింది సాయంత్రం వీధిలో సాధన చెయ్యాలి. ఈల మోగితే తలకి సబ్బు నురగతో ఒకడు, నోట్లో ముద్దతో ఒకతె, ఒంటికాలి చెప్పుతో ఇంకొకడు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. చివరింటి ముసలాయన, "బడి ఇటొచ్చిందా, మనం అటెళ్ళామా?" అనేవాడు. మా ఆయనది గేట్లు అతికే పని. వెల్డింగు షాపు నుంచి వచ్చి, నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ చొక్కాతోనే గుమ్మంలో నిలబడి, గట్టిగా పది లెక్కపెట్టేవాడు. "నా కూతురు," అనేవాడు వచ్చేపోయేవాళ్ళతో. "ఏడుగురిని ఆడిస్తోంది."

రెండో వారంలో ఒకరోజు ఉడత చెంచాతో అన్నం తినడం చూశాను. చెంచా గుప్పిట్లో పట్టుకోలేక వేళ్ళ మధ్య ఇరికించుకుంది. చెయ్యి చూపించమంటే వెనక్కి దాచింది. బలవంతాన తిప్పి చూశాను. అరచెయ్యి ఉబ్బిపోయి, అడ్డంగా నీలం గీతలు, గీత మీద గీత. మధ్యలో చర్మం చిట్లింది.

"రూళ్ళకర్ర," అంది. "ఒకళ్ళు ఆలస్యమైతే మూడు."

"ఎవరే ఆలస్యం?"

"బఠాణి. రోజూ."

"ఏం పొయ్యేకాలం దానికి?"

"వాళ్ళ నాయనమ్మ మంచం మీద ఉంది కదమ్మా. తినిపించి, మూతి తుడిచి రావాలి. వాళ్ళమ్మ నీతోపాటే పనికెళ్ళిపోతుంది."

"మిగతా నాయకులకి పడట్లేదా మరి?"

"మొదట్లో పడ్డాయి. ఇప్పుడు వాళ్ళు సామాన్ల గది వెనక్కి తీసుకెళ్ళి, వాళ్ళవాళ్ళని వాళ్ళే కొట్టేస్తున్నారు. బెల్టులతో. మాస్టారికి తెలుసు. ఆ టైములో అటు తిరిగి నీళ్ళు తాగుతాడు."

మా ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. వెళ్ళి చెప్పాను. "ఇంక పంపొద్దండీ."

"ఇంకా సగం రోజులున్నాయి. దెబ్బలకి జడిసి నా కూతురు పారిపోయిందని షాపులో అందరూ చెప్పుకోవాలా?"

"ఒక్కసారి దాని చేతులు చూడండి."

ఆయన మాటకి మారుమాట చెప్పకూడదని పదమూడేళ్ళుగా నాకు తెలుసు. తెలిసీ చెప్పాను. ముందు నా వీపు గోడకి తగిలింది, తర్వాత ఆయన పిడికిలి నా పక్కటెముకలకి తగిలింది, రెండుసార్లు. ఉడత కంచం ముందు అలాగే కూచుంది. తినడం ఆపలేదు. ఆపితే ఆయనకి ఇంకా కోపమొస్తుందని దానికీ తెలుసు. ఆయన ఆ తడి చేతులు నా పైటకే తుడుచుకుని బయటికెళ్ళాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఎవరితో చెప్పుకుంటాను? బడికెళ్ళి మాస్టారిని అడిగితే ఆయన కసి పిల్ల మీద తీర్చుకుంటాడు, ఇంట్లో మా ఆయన నా మీద తీర్చుకుంటాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. గిన్నెలో చన్నీళ్ళు పోసి పిల్ల చేతులు అందులో పెట్టాను. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఎవరూ నాతో చెప్పించలేదు.

"రేపు దానికి నాలుగు తగిలించు."

"ఎవరికి?"

"బఠాణికి. ఒక్కసారి జడిసిందంటే మళ్ళీ ఆలస్యం చెయ్యదు. నీ చేతులు నువ్వే కాపాడుకోవాలి గదే తల్లీ."

ఉడత నీళ్ళలోనే వేళ్ళు మెల్లగా ముడిచి చూసుకుంది.

"ఎక్కడ కొట్టాలి?"

"వీపు మీద," అన్నాను. "బట్టల కింద కనపడదు."

అది తలెత్తి నన్ను చూసింది. నాకెలా తెలుసని అడగలేదు.

తర్వాత నాలుగు రోజులకి ఉడత అన్నం చేత్తో తింది. చేతి మీద కొత్త గీతలు లేవు. మాస్టారు దాని రిబ్బను మీద ఇంకో రిబ్బను కట్టి, "ఇప్పుడయ్యావు నాయకురాలివి," అన్నాడట. నిజం చెప్పాలంటే, నాకు సంతోషమేసింది. బఠాణి వాళ్ళమ్మ రెండు రోజులుగా పనికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను.

మూడో రోజు పొద్దెక్కాక వచ్చింది. తన మిషను దగ్గరికి పోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఏం వదినా, ఒంట్లో బాలేదా?" అన్నాను. చెయ్యి లేవడం కూడా చూడలేదు నేను. చెంప మీద పడ్డాక తెలిసింది. ఆవిడ వేలికి ఇనప తొడుగు ఉంది, సూది గుచ్చుకోకుండా పెట్టుకునేది. పెదవి చీరుకుపోయి, నా ముందున్న తెల్ల కాలరు మీద రక్తం చుక్క పడింది.

ఆవిడ కొంగు ముడి విప్పి, చిన్న కాగితం పొట్లం తీసి, ఆ కాలర్ల మధ్య తెరిచి పెట్టింది. రెండు పళ్ళు. ముందు పళ్ళు.

"పాలపళ్ళు కావు వదినా," అంది. "ఇవి మళ్ళీ రావు."

ఒక్కో మాటా లాగినట్టు చెప్పింది. సామాన్ల గది వెనక తాడాట తాడుతో కొట్టింది మా ఉడత. తాడు చివర కర్రపిడి ఉంటుంది. మూడు వీపు మీద పడ్డాయి. నాలుగోది పడేలోపు బఠాణి ఏదో చెప్పబోయి ఉడత వైపు తిరిగింది, ఆ పిడి మూతి మీద పడింది.

"ఏం చెప్పబోయిందో తెలుసా? అక్కా, రేపు తొందరగా వస్తా అని. ఆ మాట చెప్పబోతే పళ్ళూడగొట్టింది నీ కూతురు. రెండు రోజులు నోట్లో గుడ్డ పెట్టుకుని కూచుంది నా బిడ్డ. ఎక్కడ పడ్డావే అంటే మెట్ల మీద అంది. నిన్న చెప్పింది అసలు సంగతి." ఆవిడ ఆ పొట్లం వైపు వేలు చూపించింది. "ఎవరు నేర్పారు దానికి? అడగడమెందుకులే. వాళ్ళ నాన్న చెయ్యేగా అది. నీ వీపు సంగతి ఈ కార్ఖానాలో ఎవరికి తెలీదు?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. జవాబు ఆవిడే నా చేతికి అందించింది. ఊ అంటే చాలు. నలుగురూ నన్ను చూసి అయ్యో అనేవాళ్ళు కూడా.

"ఆయన కాదు," అన్నాను. "నేను చెప్పాను. వీపు మీద కొట్టమని నేనే చెప్పాను."

ఇంకోటి పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ పళ్ళు మళ్ళీ కాగితంలో చుట్టుకుంటోంది. తన మిషను దగ్గరికెళ్ళి కూచుంది. ఆ రోజు నుంచి కాలర్లు నా చేతికివ్వలేదు. నేల మీద పడేసేది. నేను వంగి ఏరుకునేదాన్ని.

సాయంత్రం ఇంటికెళ్ళి ఉడతని అడిగాను. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పిందేగా చేశాను," అంది.

దాని చెయ్యి పట్టుకుని బఠాణి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. బడి నుంచి తెచ్చి దాచుకున్న ఆ తాడు కూడా తీసుకుంది. వాళ్ళమ్మ గుమ్మంలోంచి లేచి పక్కకి తప్పుకుందే గాని, రమ్మనలేదు, పొమ్మనలేదు. బఠాణి మంచం పక్కన నేల మీద కూచునుంది, పై పెదవి ఉబ్బి ముక్కుని ముట్టుకుంటోంది. మంచం మీద నాయనమ్మ తల తిప్పి చూసింది.

"ఎవరే ఈ నిచ్చెన?"

"మా లీడరక్క," అంది బఠాణి. పళ్ళ సందులోంచి గాలి పోయింది.

ఉడత తాడు దాని ముందు పెట్టి చేతులు చాపింది. "నన్ను కొట్టు. ఎన్నైనా."

బఠాణి తాడుని చూసింది. చూసి మంచం కిందికి దూరిపోయింది, గోడ వారగా, మోకాళ్ళు ముడుచుకుని. ఉడత ముఖం అప్పుడు చూడాలి. మాస్టారి రూళ్ళకర్రకి కూడా అది అలా పాలిపోలేదు. తాడుని కాలితో గుమ్మం అవతలికి నెట్టేసింది. చేతులు కడుక్కుని, పొయ్యి పక్కనున్న గిన్నె తీసుకుని ముసలావిడ పక్కన కూచుని చెంచాతో తినిపించడం మొదలుపెట్టింది.

"పొద్దున ఎన్నింటికి తింటుంది?" అని మంచం కిందికి అడిగింది.

కింద నుంచి జవాబు వచ్చింది. "ఏడున్నరకి."

"రేపు నేనొస్తా. ఎల్లుండి ఇంకొకళ్ళు. నువ్వు కాక ఏడుగురం ఉన్నాం. వారానికి ఏడు రోజులు."

"నాయనమ్మ చెంచా కొరుకుతుంది."

"పళ్ళుంటే గదే కొరకడానికి," అంది ముసలావిడ. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. తర్వాత మంచం కింద ఎవరో నవ్వారు.

ఆ తర్వాత వారం దాకా ఎవరూ ఆలస్యం కాలేదు. ఆపైన ఒకరోజు ఒక పిల్లాడి చెప్పు తెగి, పది దాటాక వచ్చాడు. మాస్టారు కర్ర తీసుకుని మూడు అన్నాడు. ఉడత చెయ్యి చాపింది. దాని పక్కనున్నవాడూ చాపాడు. ఆ పక్కది, ఆ పక్కవాడు, అలా చివర బఠాణి దాకా ఎనిమిది చేతులు.

"మూడూ మాకందరికీ పంచండి సార్," అందట బఠాణి.

"పంచడానికి ఇవేమన్నా చాక్లెట్లా? సరే, తలా మూడు."

కొట్టాడు. ఒక్కటీ తగ్గించలేదు. మిగతా గుంపులన్నీ చూస్తున్నాయి. చూస్తున్నారని ఇంకా గట్టిగా కొట్టాడు. ఒకడికి బొటనవేలి కొస మీద తగిలి, గోరు నల్లబడి తర్వాత ఊడిపోయింది. పెదవి వాపు పూర్తిగా తగ్గని బఠాణికి కూడా మూడూ వేశాడు. అప్పటికి ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. "నాయకత్వం నేర్పుతుంటే నా మీదే గుంపు కడతారా?" అని ఉడత చేతి మీద రిబ్బన్లు రెండూ పీకేసి, ఇంక రానక్కర్లేదన్నాడు. ఈల అడగడం మరిచిపోయాడు.

ఆ కబురు మా ఆయన షాపుకి మర్నాడే చేరింది. ఇంకో నాయకుడి తండ్రి గేటు చేయించుకోవడానికి వచ్చి చెప్పాడట, నీ కూతుర్ని పీకేశారటగా, నీ పెళ్ళాం బఠాణి వాళ్ళింటికెళ్ళి తల దించుకుని నిలబడిందటగా అని. ఆ రోజు కార్ఖానాకి సెలవు. మూడు గంటలవేళ, మంచి ఎండ. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆయన అడుగుల చప్పుడు బట్టి మనసు చెప్పగలను నేను. ఆ రోజు చప్పుడు వినగానే చేతిలో ఉన్న దుప్పటి ఒంటికి చుట్టుకున్నాను.

దుప్పటి ఏపాటి ఆపుతుంది. బెల్టు తీశాడు. ఇనప బకిల్ ఉన్న వైపు చేతికి చుట్టుకునేవాడు మామూలుగా. ఆ రోజు అటువైపు వదిలి, ఇటు చుట్టుకున్నాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది, ఎముక మీద, చెయ్యి మొత్తం మొద్దుబారిపోయింది. "ఎవరి కాళ్ళు పట్టుకున్నావే? ఎవర్నడిగి వెళ్ళావే?" అంటూ ప్రతి మాటకీ ఒకటి. మా ఇంట్లో చప్పుడు మొదలైతే వీధిలో తలుపులు మూసుకుంటాయి. ఆ రోజూ మూసుకున్నాయి, నాకు వినబడింది. బకిల్ నా చెవి పక్కన తగిలింది. వెచ్చగా మెడ మీదికి కారింది. కింద పడ్డాక కూడా ఆపలేదు.

ఇన్నేళ్ళలో ఆయన ఉడతని ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఆ ఒక్క సంగతి పట్టుకునే నేను బతుకు ఈడ్చుకొచ్చాను. ఆ రోజు దానివైపు తిరిగాడు.

"నువ్వూ రావే ఇటు. చేతులు చాపడం బాగా నేర్చావటగా. చాపు."

ఉడత చెయ్యి చాపలేదు. గౌను జేబులోంచి ఈల తీసి నోట్లో పెట్టుకుని ఊదింది. ఆ చిన్న గదిలో ఆ చప్పుడుకి నా చెవులు మూసుకుపోయాయి. ఆయన చెయ్యి గాలిలో ఆగింది.

"ఒకటి," అంది ఉడత. "రెండు."

మూడుకి వీధిలో ఏదో తలుపు దడాలున తెరుచుకుంది. నాలుగుకి ఒకడు గుమ్మంలో ఉన్నాడు, చొక్కా లేకుండా. అయిదుకి ఇంకో ఇద్దరు. ఆరు, ఏడు అంటుండగా జడ సగం అల్లుకున్న పిల్ల, వేలికి గుడ్డకట్టు ఉన్న పిల్లాడు, వాడి వెనక మరొకడు. తొమ్మిది అనేసరికి బఠాణి వచ్చింది, ఒగరుస్తూ. పది అనాల్సిన పని లేకపోయింది. వరుసకి ఆ గదిలో ఒక్కటే చోటుంది, ఆయనకీ నాకూ మధ్య. అక్కడే నిలబడ్డారు, పొడుగు ప్రకారం, చేతులు పక్కలకి పెట్టుకుని.

"పొండి," అన్నాడు ఆయన.

ఆయన పొమ్మంటే పోయే నియమం వాళ్ళకి లేదు.

"పొండిరా."

ఎవరూ కదల్లేదు. పిల్లలు ఏడవలేదు, అరవలేదు. చూస్తూ ఊరుకున్నారు. బెల్టుని చూశారు, దాని చివరనున్న రక్తాన్ని చూశారు, మళ్ళీ ఆయన్ని చూశారు. పిల్లని వెతుక్కుంటూ బఠాణి వాళ్ళమ్మ వచ్చింది. చేతిలో చొక్కా, దాంట్లో గుచ్చిన సూది అలాగే ఉన్నాయి. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులు. ఆవిడ గది అంతా ఒకసారి చూసింది. కింద ఉన్న నన్ను కూడా చూసింది.

"ఆపేశావేం అన్నయ్యా?" అంది, గొంతు పెంచకుండా. "కొట్టు. పిల్లలు నేర్చుకుంటున్నారు."

ఆయన బెల్టు మళ్ళీ నడుముకి పెట్టుకోబోయాడు. దూర్చాల్సిన చోట దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించి, అలాగే చేతిలో పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో బయటికెళ్ళిపోయాడు. తల్లులు గుమ్మం దగ్గర దారి ఇచ్చారు.

ఆయన మారిపోయాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. రెండు రోజుల తర్వాత వచ్చాడు. ఆ తర్వాత మూడుసార్లు చెయ్యి ఎత్తాడు. మూడుసార్లూ గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్న ఈల వైపు చూసి దించాడు. డ్రిల్లు మాస్టారు ఇంకో బడికి వెళ్ళాడు, అక్కడా నాయకత్వం నేర్పుతున్నాడని విన్నాను. అక్కడి తల్లులు కూడా చప్పట్లు కొట్టే ఉంటారు. బఠాణికి పెట్టుడు పళ్ళు పెట్టారు, కొంచెం తెల్లగా ఉంటాయి. వాళ్ళమ్మ ఇప్పుడు కాలర్లు నా చేతికే ఇస్తుంది. మాటలు మాత్రం ఇంకా ఆచితూచే మాట్లాడుతుంది. అది ఆవిడ హక్కు.

ఆ మధ్యాహ్నం గురించి ఇంకొక్కటి చెప్పాలి. ఆయన వెళ్ళిపోయాక కూడా పిల్లలు వరుసలోనే ఉన్నారు. నాయకురాలు పొమ్మనలేదు మరి. ఉడత నోట్లో ఈల అలాగే ఉంది, పళ్ళకి తగిలి టకటకా చప్పుడవుతోంది.

"అక్కా, పొమ్మంటావా, ఉండమంటావా?" అంది బఠాణి.

ఉడత నా వైపు చూసింది, నీళ్ళ బిందె వైపు చూసినట్టే.

"ఉండండి," అన్నాను నేను. "కాసేపు ఉండండి. కూచోండి."

కూచోవడం కూడా పొడుగు వరుసలోనే కూచున్నారు, గోడకి ఆనుకుని, ముందు ఉడత, చివర బఠాణి. బఠాణి పక్కన ఇంకొక మనిషికి చోటుంది. మోచెయ్యి పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి అక్కడ కూచున్నాను. వరుస తప్పిందని ఎవరూ అనలేదు. బఠాణి కొంచెం అటు జరిగి నాకింకాస్త చోటిచ్చింది.